ఒక్క కంప్యూటరే ఎందుకు స్లో అయింది? పుల్లలచెరువు దాకా నెట్ వచ్చిన దారి



పోస్టు కొంచెం పెద్దది. ఒక్కసారి కూర్చుని చదవడం కుదరకపోతే సేవ్ చేసుకుని రెండు సార్లుగా చదవండి. మన గ్రూపులో ఇంతకుముందు మన్యం పోరాటాల మీద, అటవీ హక్కుల చట్టం మీద, మన హాస్టళ్ల మీద చరిత్ర పోస్టులు వచ్చాయి. ఇంట్లో మూలన ఉన్న కంప్యూటర్‌కు కూడా చరిత్ర ఉంటదా అని మీరు అడగొచ్చు. మేము కూడా మొదట అట్టాగే అనుకున్నాం. ఉంది. ఆ చరిత్ర తెలియక మాలో ఒకరికి పోయిన సంవత్సరం నష్టం జరిగింది. అందుకే రాస్తున్నాం.

ఆ రాత్రి జరిగింది

పోయిన సంవత్సరం మాలో ఒకరు ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టడానికి చివరి రోజు సాయంత్రం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఇల్లు పుల్లలచెరువు మండలంలోని ఒక తండాలో. పేజీ తెరుచుకోలేదు. తెల్ల స్క్రీన్ మీద గుండ్రటి గుర్తు తిరుగుతా ఉంది. మళ్లీ నొక్కారు, మళ్లీ తిరిగింది. గడువు ముగిసేలోపు నాలుగు కాలేజీలు మాత్రమే సేవ్ అయ్యాయి. ఆ నాలుగింట్లో ఎక్కడా సీటు రాలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు. డిగ్రీ తక్కువని కాదు. ర్యాంకు రాక సీటు పోతే అదొక లెక్క. పేజీ తెరుచుకోక పోతే ఆ బాధ వేరు. ఎవర్ని అడగాలో కూడా తెలియదు.

ఆ రాత్రి ఇంటి పెద్దాయన, మేమంతా కాకా అని పిలిచే ఆయన, ఒక్క మాట అన్నాడు. "అడవి పక్క ఊళ్లు గదయ్యా, నెట్టు ఇట్టనే ఏడుస్తది. మనమేం జేస్తాం." అందరం తల ఊపాం. ఆ మాట మాకు కొత్త కాదు. బస్సు రాకపోయినా, కరెంటు పోయినా, డాక్టరు లేకపోయినా మన దగ్గర అదే మాట. అడవి పక్క ఊళ్లు గదా.

ఈ సంవత్సరం అదే ఇంట్లో చెల్లి వంతు వచ్చింది. గడువుకు రెండు రోజుల ముందే మేము ముగ్గురం హాస్టల్ నుంచి బస్సెక్కి వెళ్లాం. కంప్యూటర్ అదే, మూల అదే. పేజీ తెరవబోతే అదే గుండ్రటి గుర్తు. కానీ ఈసారి ఒకటి గమనించాం. అదే గదిలో మంచం మీద కూర్చుని చెల్లి ఫోన్లో వీడియో చూస్తా ఉంది. అదే వైఫై. వీడియో ఒక్కసారి కూడా ఆగడం లేదు.

అడవి పక్కన ఉండడమే కారణమైతే ఆ ఫోన్ కూడా ఆగాలి గదా? ఈ చిన్న ప్రశ్న దగ్గరే మా పని మొదలైంది. ఏం కనిపెట్టామో చెప్పేముందు, ఆ తీగ ఆ ఇంటిదాకా ఎట్టా వచ్చిందో చెప్పాలి.

కబురు నడిచొచ్చిన కాలం

మన పడమటి ప్రాంతానికి కబురు ముందు రైలు పట్టాల వెంట వచ్చింది. గుంటూరు - గుంతకల్లు లైను మీద వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు స్టేషన్లు ఉన్నాయి. పట్టాల పక్కనే స్తంభాలు, వాటి మీద టెలిగ్రాఫ్ తీగ. ఆ లైను పుల్లలచెరువును తాకదు. కాబట్టి చావు కబురైనా, ఉద్యోగం కబురైనా స్టేషను ఉన్న ఊరిదాకా తీగ మీద వచ్చి, అక్కడి నుంచి మనిషి కాళ్ల మీద మన ఊళ్లకు వచ్చేది. గూడెం దాకా వచ్చేసరికి ఎంత ఆలస్యమయ్యేదో మన తాతలను అడిగితే చెప్తారు. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది. మాలో చాలామందిమి ఒక్క టెలిగ్రాం కూడా చూడలేదు.

పాలన కూడా మనకు దూరంగానే ఉండేది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఒకప్పుడు కర్నూలు జిల్లావి. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. అప్పుడు కర్నూలు దూరం, తర్వాత ఒంగోలు దూరం. జిల్లా కేంద్రం ఏదైనా మనం చివరన ఉన్నాం. తీగలు కూడా చివరకే వచ్చాయి.

ఫోన్ ఊళ్లకు రావడంలో పెద్ద మలుపు 1984లో సీ-డాట్ అనే ప్రభుత్వ సంస్థ పుట్టడం. శాం పిట్రోడా పేరు మీరు జీకే పుస్తకాల్లో చూసుంటారు. అప్పటిదాకా విదేశీ ఎక్స్ఛేంజీ యంత్రాలకు ఏసీ గది కావాలి. మన పల్లెల ఎండకు, దుమ్ముకు అవి నిలబడవు. సీ-డాట్ వాళ్లు ఏసీ అక్కర్లేని చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీ తయారు చేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఆ తర్వాతే పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు ఊరూరా వచ్చాయి. రాత్రి రేటు తగ్గేదాకా ఆగి, వరసలో నిలబడి, మీటర్ చూస్తా మాట్లాడిన కాలం అది. మా అమ్మానాన్నల తరానికి ఫోనంటే అదే.

ఈ ముక్క ఎందుకు చెప్పామంటే, "మన ఊరికి అది రాదు" అన్నది నిజానికి "మన ఊరి ఎండకు తగ్గట్టు యంత్రం ఇంకా ఎవరూ చేయలేదు" అని. తేడా ఉంది గదా. మొదటిది తలరాత. రెండోది పని.

9.6 నుంచి 15 దాకా

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ మొదలుపెట్టింది. ఫోన్ లైనుకు మోడెం తగిలించి డయల్ చేయాలి. అప్పటి వేగం 9.6 కేబీపీఎస్. ఈ లెక్క ఒకసారి వేసి చూద్దాం, పరీక్షల్లో కూడా పనికొస్తది.

నెట్ వేగాన్ని బిట్లలో కొలుస్తారు, ఫైలును బైట్లలో కొలుస్తారు. 8 బిట్లు ఒక బైట్. అంటే 9.6 కేబీపీఎస్ అంటే సెకనుకు 1.2 కిలోబైట్లు. ఇప్పుడు మనం అప్‌లోడ్ చేసే కుల ధ్రువపత్రం స్కాన్ 5 ఎంబీ ఉందనుకోండి. ఆ మోడెం మీద అది వెళ్లడానికి సుమారు 69 నిమిషాలు. 15 ఎంబీపీఎస్ మీద అదే ఫైలు 3 సెకన్లు కూడా పట్టదు. "15 ఎంబీపీఎస్ కనెక్షన్ అన్నారు, డౌన్‌లోడ్‌లో 1.8 అని చూపిస్తుంది, మోసం" అని మనవాళ్లు కొందరు గొడవ పడతారు. 15ని 8తో భాగించండి. మోసం కాదు, బిట్టు బైటు తేడా.

స్లో అనే మాటకు అర్థం కూడా కాలాన్ని బట్టి మారింది. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించినప్పుడు 256 కేబీపీఎస్ ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండ్. తర్వాత దాన్ని 512కు పెంచారు. 2023 జనవరిలో కనీసం 2 ఎంబీపీఎస్ అన్నారు. 2004లో గొప్పగా చెప్పుకున్న కనెక్షన్ ఈ రోజు బ్రాడ్‌బ్యాండ్ కిందికే రాదు.

ఆ రోజుల్లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ రాగి ఫోన్ తీగ మీద వచ్చేది. రాగి తీగకు ఒక గుణం ఉంది. ఎక్స్ఛేంజీ నుంచి దూరం పెరిగే కొద్దీ వేగం పడిపోతుంది. కొన్ని కిలోమీటర్లు దాటితే కనెక్షనే నిలవదు. మండల కేంద్రంలో ఎక్స్ఛేంజీ పక్క ఇంటికి వచ్చినంత వేగం తండాకు రాదు. ఇక్కడ కాకా మాట నిజమే. అప్పట్లో దూరమే కారణం.

గాజు తీగ ఆ దూరం లెక్కను మార్చింది. 2011 అక్టోబరులో కేంద్రం పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేసే పథకానికి ఆమోదం ఇచ్చింది. దాన్నే తర్వాత భారత్‌నెట్ అన్నారు. మన రాష్ట్రంలో 2015లో ఫైబర్‌నెట్ సంస్థ పెట్టారు. మన వాళ్లు చేసిన తేడా ఏమిటంటే, భూమి తవ్వి తీగ పాతకుండా ఉన్న కరెంటు స్తంభాల మీదనే లాగారు. ఖర్చు తగ్గింది, పని తొందరగా అయింది. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని మోరి గ్రామం మొదటి ఊళ్లలో ఒకటి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు, డేటాకు పరిమితితో, 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ చానళ్లు, ఫోను కలిపి ఇస్తామన్నారు. స్తంభం మీద తీగకు ఒక బలహీనత కూడా ఉంది. గాలివానకు కొమ్మ పడితే కరెంటుతో పాటు నెట్ కూడా పోతుంది.

ఈలోపు 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఫోన్ నెట్ చౌక అయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి హాస్టళ్లు మూసి మమ్మల్ని ఇళ్లకు పంపారు. అప్పుడు అందరికీ అర్థమైంది, నెట్ ఊరికి రావడం వేరు, మన ఇంటికి రావడం వేరు అని. సిగ్నల్ కోసం మిట్ట ఎక్కి, చెట్టు కింద కూర్చుని క్లాసులు విన్నవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు. ఒక ఫోను, ముగ్గురు పిల్లలు. ఎవరి క్లాసు ముందు?

ఇది తీగ మన ఇంటి దాకా వచ్చిన దారి. ఇక తీగ వచ్చాక కూడా నెట్ ఎందుకు ఆగుతుంది అన్నదానికి ఇంకో చరిత్ర ఉంది. అది మన ఊళ్లో జరగలేదు, కానీ కాకా ఇంట్లో మాకు దారి చూపింది అదే.

400 గజాల దూరంలో ఆగిపోయిన నెట్

1986 అక్టోబరు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, బర్క్‌లీ అనే ఊరు. అక్కడ ఒక పరిశోధనశాల, ఒక విశ్వవిద్యాలయం. రెండిటి మధ్య దూరం 400 గజాలు. మన తండాలో ఈ చివర నుంచి ఆ చివరకు ఉంటదేమో. ఆ రెండిటి మధ్య నెట్ వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. 800 రెట్లు తగ్గింది. తీగ తెగలేదు. యంత్రం చెడలేదు. అడవి కారణం కాదు, కొండ కారణం కాదు.

వాన్ జాకబ్సన్ అనే శాస్త్రవేత్త, ఇంకో శాస్త్రవేత్తతో కలిసి కారణం వెతికాడు. దొరికింది ఇది. దారి నిండినప్పుడు కొన్ని ప్యాకెట్లు దారిలో పడిపోతాయి. పంపిన కంప్యూటర్ "అందలేదేమో" అనుకుని మళ్లీ పంపుతుంది. అందరూ అదే పని చేస్తే దారి ఇంకా నిండుతుంది, ఇంకా పడిపోతాయి, ఇంకా పంపుతారు. సంత రోజు ఇరుకు సందులో రెండు వైపుల నుంచి బండ్లు దూరి, ఎవరూ వెనక్కి పోకుండా అందరూ హారన్ కొట్టినట్టు. సందు వెడల్పు అంతే ఉంది, ఒక్క బండీ కదలదు.

1988లో ఆయన పరిష్కారం ప్రచురించాడు. మొదట కొంచెం పంపు, అందిందని కబురొస్తే ఇంకొంచెం పెంచు, పడిపోతే తగ్గించు. ఈ రోజు మన ఫోన్ల నుంచి పెద్ద పెద్ద సర్వర్ల దాకా అన్నీ ఆ మూల సూత్రం మీదనే నడుస్తున్నాయి. దారిలో ఏ మజిలీ దగ్గర ఆలస్యమవుతుందో చూపించే ట్రేస్‌రూట్ పరికరం రాసింది కూడా ఆయనే. అంతకన్నా సులువైనది పింగ్. దాన్ని 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే ఆయన రాశాడు. బావిలో రాయి వేసి చప్పుడు ఎంతసేపటికి వస్తుందో వింటాం గదా, పింగ్ అంతే. ఒక చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందో చెబుతుంది.

2010లో ఇంకొకటి జరిగింది. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లో నుంచి పెద్ద ఫైలు పంపుతుంటే ఇంటి నెట్ మొత్తం ఈడుస్తోంది. మంచి కనెక్షనే. ఆయన వెతికితే, మోడెంలలో, రౌటర్లలో ప్యాకెట్లు నిలబడే వరస అవసరానికి మించి పెద్దగా ఉందని తేలింది. ఒక పెద్ద ఫైలు ఆ వరసంతా నింపేస్తే, దాని వెనక నిలబడిన చిన్న పేజీ కూడా వంతు కోసం ఆగాలి. రేషన్ షాపు దగ్గర ఒక్కడే యాభై సంచులు తెచ్చి ముందు నిలబడితే, వెనక కిలో చక్కెర కోసం వచ్చిన ముసలమ్మ పరిస్థితి ఏంది? అది. దీన్ని ఆయన బఫర్‌బ్లోట్ అన్నాడు. 2012లో క్యాథలీన్ నికోల్స్, అదే వాన్ జాకబ్సన్ కలిసి ఆ వరసను అదుపులో పెట్టే పద్ధతి ఇచ్చారు.

కాకా ఇంట్లో మేము చేసింది

ఇప్పుడు ఆ మూలకు వద్దాం. మేము కంప్యూటర్ సైన్స్ వాళ్లం కాదు. ఒకరు బీఏ, ఒకరు బీకాం, ఒకరు బీఎస్సీ. హాస్టల్లో సీనియర్ అన్న చెప్పిన ఒక్క సూత్రం పట్టుకున్నాం. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చిన ప్రతిసారీ కొలువు, కొలిచింది రాసిపెట్టు.

మొదట ఫోన్‌ను కంప్యూటర్ పక్కనే పెట్టి, ఒకటి తర్వాత ఒకటి స్పీడ్ టెస్ట్ చేశాం. ఫోన్లో 27 ఎంబీపీఎస్. కంప్యూటర్లో 1 కూడా దాటలేదు. కాబట్టి వీధి తీగ బాగుంది, రౌటర్ బాగుంది. తప్పు రౌటర్‌కు, ఈ ఒక్క కంప్యూటర్‌కు మధ్యనన్నా ఉండాలి, కంప్యూటర్ లోపలన్నా ఉండాలి. కాకా మాట ఇక్కడే సగం పోయింది.

తర్వాత పింగ్. నల్ల కిటికీ తెరిచి ముందు రౌటర్‌కే కొట్టాం, 192.168.1.1 అని. మీ రౌటర్ నంబరు దాని కింద స్టిక్కర్ మీద ఉంటుంది. ఇంట్లోనే ఉన్న రౌటర్ నుంచి జవాబు మామూలుగా కొన్ని మిల్లీసెకన్లకే రావాలి. మాకు 600, 900 అని వచ్చాయి, కొన్నిటికి అసలు జవాబే రాలేదు. పది అడుగుల దూరంలో ఉన్న పెట్టె! బర్క్‌లీ 400 గజాలు గుర్తొచ్చింది మాకు.

కంప్యూటర్ వెనక చూశాం. గోరంత యూఎస్‌బీ వైఫై ముక్క, ఇనప డబ్బా వెనక, గోడకు ఆనించి ఉంది. సిగ్నల్ రౌటర్ నుంచి ఇనుము దాటుకుని రావాలి. సరే అని రౌటర్ పెట్టెలో వచ్చిన కేబుల్ తెచ్చి నేరుగా తగిలించాం. రౌటర్ పింగ్ ఒక్కసారిగా 1 మిల్లీసెకనుకు వచ్చింది. అయిపోయింది అనుకుని చప్పట్లు కొట్టబోయాం. అప్పుడు మంచం మీద నుంచి చెల్లి అంది, "అన్నా, ఇప్పుడు నా ఫోన్ ఆగిపోయింది."

ఈ మాటే అసలు తాళంచెవి. కంప్యూటర్‌కు దారి బాగు చేస్తే ఫోన్ ఎందుకు ఆగాలి? బయటి సర్వర్‌కు పింగ్ కొట్టాం. 800. రౌటర్ దాకా 1, బయటికి 800. అంటే ఈ కంప్యూటర్ ఏదో బయటికి తోస్తా ఉంది. వైఫై బలహీనంగా ఉన్నన్నాళ్లు ఆ వరస కంప్యూటర్ లోపలే నిలబడి కంప్యూటర్‌నే ముంచింది. కేబుల్ పెట్టగానే ఆ వరస రౌటర్ దగ్గరకు పోయి ఇల్లంతా ముంచింది. జిమ్ గెటిస్ ఇంట్లో జరిగిందే.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో నెట్‌వర్క్ అనే వరస మీద నొక్కితే ఎవరు ఎక్కువ వాడుతున్నారో పైకి వస్తారు. వచ్చింది ఒక టోరెంట్ ప్రోగ్రాం. కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా దానంతట అదే లేచి, అందులో ఉన్న సినిమాలను రాత్రింబగళ్లు ముక్కుమొహం తెలియనోళ్లకు పంపిస్తా ఉంది. కాకా చెప్పాడు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు అమ్మినాయన "సినిమాలు ఊరికే ఎక్కించి ఇస్తున్నా" అన్నాడంట. ఊరికే కాదు. మాలో ఒకరి సంవత్సరం పోయింది దాంతో.

ఆ ప్రోగ్రాం ఆపి, తీసేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశాం. బయటి పింగ్ 30 చుట్టుపక్కలకు వచ్చింది. ఫోన్, కంప్యూటర్ రెండూ నడిచాయి. కేబుల్ చెల్లి కూర్చునే మూలదాకా ఎప్పుడూ ఉంచలేం కాబట్టి మళ్లీ వైఫైకి మార్చి చూశాం. 6 ఎంబీపీఎస్ వచ్చింది. ఆ గోరంత ముక్కను చిన్న యూఎస్‌బీ వైరుతో డబ్బా ముందుకు, రౌటర్‌కు ఎదురుగా తెచ్చి పెట్టాం. 20 దాటింది. అంటే తప్పులు రెండు. ఒకటి దొరగ్గానే ఆగిపోయుంటే రెండోది మిగిలేది.

మీ ఇంట్లో అయితే ఈ వరసలో చూడండి

1. అదే చోట, అదే సమయంలో ఫోన్‌తో పోల్చండి. రెండూ స్లో అయితే సమస్య లైనుది, రౌటర్‌ది, లేదా లైనును నింపేస్తున్న ఏదో ఒక కంప్యూటర్‌ది. ఒక్కటే స్లో అయితే ఆ ఒక్కదానిది.
2. రౌటర్‌ను, కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి.
3. ముందు రౌటర్‌కు పింగ్, తర్వాత బయటికి పింగ్. రెండు నంబర్లూ రాయండి.
4. కేబుల్ పెట్టి చూడండి. బాగైతే తప్పు వైఫైది. కేబుల్ మీద కూడా వేగం బాగా తక్కువుంటే కేబుల్ మార్చి చూడండి.
5. టాస్క్ మేనేజర్‌లో ఎవరు తింటున్నారో చూడండి. టోరెంట్, విండోస్ అప్‌డేట్, ఫోటోలు క్లౌడ్‌కు ఎక్కించే ప్రోగ్రాం, వైరస్. అప్‌డేట్‌ను శాశ్వతంగా ఆపొద్దు, పని అయ్యేదాకా పాజ్ చేయండి.
6. బ్రౌజర్‌లో అక్కర్లేని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి, లేదా వేరే బ్రౌజర్‌లో తెరిచి చూడండి.
7. తేదీ, టైము సరిగా ఉన్నాయా చూడండి. పాత కంప్యూటర్లలో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. అప్పుడు నెట్ బాగున్నా ప్రభుత్వ సైట్లు "సురక్షితం కాదు" అని తెరుచుకోవు.
8. విండోస్ పాతదా చూడండి. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మామూలు మద్దతు ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఇది అడగండి. కొన్నాక అమ్మినాయన వేసిన ప్రోగ్రాంలన్నీ తీసేసి విండోస్ కొత్తగా ఎక్కించుకోవడం అన్నిటికన్నా మంచిది.

తప్పు నిజంగా బయట ఉంటే

ఇది చదివి "అయితే తప్పంతా మన కంప్యూటర్లదేనా" అనుకోవద్దు. అట్టా అనుకుంటే మేము రాసింది తలకిందులుగా అర్థమైనట్టే. 2008 జనవరి 30న ఈజిప్టు అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున కేబుళ్లు తెగితే మన దేశంలో కంపెనీల నుంచి ఇంటర్నెట్ సెంటర్ల దాకా నెట్ ఈడ్చింది. ఆ రోజు ఎవరు తమ కంప్యూటర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు.

మన దగ్గర కూడా అంతే. తీగే రాని గూడెంలో, టవరే లేని చోట, పిల్లవాడి ఫోన్‌లో తప్పు వెతకడం అన్యాయం. 2022 జూలైలో కేంద్రం 4జీ అందని 24,680 గ్రామాలకు సిగ్నల్ ఇవ్వడానికి 26,316 కోట్లు మంజూరు చేసింది. 2023 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి రోజు, పీఎం జన్‌మన్ పథకం మొదలైంది. దేశంలోని 75 అతి వెనకబడిన ఆదివాసీ తెగల కోసం అది. అందులో మన నల్లమల చెంచులు ఉన్నారు. ఇళ్లు, రోడ్లు, నీళ్లతో పాటు మొబైల్ టవర్లు కూడా ఆ పథకంలో ఒక అంశం. అంటే సిగ్నల్ అడగడం భిక్ష కాదు, కాగితం మీద ఉన్న మాటనే అడగడం.

కానీ ఎట్టా అడగాలి? "మా దగ్గర నెట్ స్లో సార్" అంటే "మీ ఏరియా అంతే" అని పంపేస్తారు. మూడు రోజులు, రోజుకు మూడు సార్లు, తేదీ, టైము, రౌటర్ పింగ్, బయటి పింగ్, వేగం ఒక నోట్‌బుక్‌లో రాసి చూపిస్తే ఆ మాట అనడం కష్టం. కంపెనీకి ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు తప్పకుండా అడిగి రాసుకోండి. 2012 ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకు ఆ నంబరు ఇవ్వాలి. పరిష్కారం కాకపోతే ఆ కంపెనీలోనే అప్పీల్ అధికారి ఉంటారు. టవర్ సంగతైతే ఆ నోట్‌బుక్‌తోనే గ్రామసభలో అర్జీ పెట్టండి.

చివరిగా

మేము క్లాసులో కూర్చున్నప్పుడు "హాస్టల్ పిల్లలు కొంచెం స్లో" అన్న మాట విన్నాం. ఇంగ్లీష్ స్లో, లెక్కలు స్లో. మా ఇళ్లల్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి వాళ్లం మేము, కాబట్టి ఆ మాటను కూడా నమ్మేశాం. నెట్ స్లో అన్నప్పుడు నమ్మినట్టే. ఇప్పుడు ఎవరైనా స్లో అంటే మాకు వెంటనే ఒక ప్రశ్న వస్తది. ఎక్కడ కొలిచారు? ఏ ముక్క దగ్గర ఆగింది? దారి లేక ఆగిందా, దారిలో ఎవరో యాభై సంచులు పెట్టుకుని నిలబడ్డారా?

ఆ సాయంత్రం కాకా చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అయితే పోయినేడు అడవి తప్పు గాదన్నమాట." పోయిన సంవత్సరం ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు మాలోనే ఉన్నారు. వాళ్లు లేచి బయటికి వెళ్లి, కాసేపటికి వచ్చి, చెల్లి పక్కన స్టూల్ వేసుకుని కాలేజీల జాబితా చదవడం మొదలుపెట్టారు. ఒక్కొక్క పేరు చదువుతుంటే చెల్లి నొక్కింది. రాత్రి భోజనాల వేళకు 52 ఆప్షన్లు సేవ్ అయ్యాయి. గడువుకు ఇంకా ఒకరోజు పైనే ఉంది.

సీటు వస్తదో రాదో అలాట్‌మెంట్ రోజు తెలుస్తది. అది చెల్లి ర్యాంకు తేల్చాల్సిన సంగతి.

మీ గూడేనికి, మీ తండాకు మొదటి ఫోన్ ఎప్పుడు వచ్చింది, మొదటి తీగ ఎవరి ఇంటికి వచ్చింది, పెద్దవాళ్లను అడిగి రాయండి. పుస్తకాల్లో అది ఎక్కడా ఉండదు. ఎవరి ఇంట్లోనైనా కంప్యూటర్ ఇట్టాగే ఏడుస్తుంటే చెప్పండి. సెలవుల్లో బస్సెక్కి వస్తాం. కేబుల్ మేమే తెచ్చుకుంటాం.